నీదే అనుకో

నేను ఒక గడ్డి కోసే మిషనుని. మిషను అనగానే చెవులు మూసుకోనక్కర్లేదు. నాకు మోటారు లేదు. పెట్రోలు తాగను, కరెంటు అడగను. రెండు ఇనప చక్రాలు, వాటి మధ్య మెలితిరిగిన కత్తులు, అడుగున కదలకుండా ఉండే మరో కత్తి, తోయడానికి ఒక పొడుగాటి కర్ర. అంతే నేను. మనిషి తోస్తే నడుస్తాను, ఆపితే ఆగుతాను. నడిచేటప్పుడు నా చప్పుడు చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఉంటుందని వకుళ అనేది. నిజానికి ఆ వకుళ సంగతి చెప్పడానికే నోరు విప్పాను. కాని ఆమె దాకా రావాలంటే అంతకుముందు మనిషి గురించి నాలుగు మాటలు చెప్పాలి.

నేను పుట్టిన కార్ఖానా ఇప్పుడు లేదట. ఇనుము కరిగించి పోత పోశారు, సాన పెట్టారు, ఆకుపచ్చ రంగు వేశారు, పెట్టెలో పెట్టి రైలెక్కించారు. దిగింది కెనడాలోని ఎడ్మంటన్‌లో. ఏడాదిలో దాదాపు సగం నేల కనిపించని ఊరు అది. అక్టోబరులో మంచు పడటం మొదలైతే ఏప్రిల్ దాకా తెల్లగా కప్పుకుని పడుకుంటుంది. గడ్డి పెరగడానికి మిగిలేవి నాలుగైదు నెలలు. ఆ కాస్త వ్యవధిలోనే మొలవాలి, పచ్చబడాలి, మళ్ళీ చలికాలాన్ని తట్టుకునేంత బలం వేళ్ళలో దాచుకోవాలి. అక్కడి గడ్డికి ఉన్న తొందర మీ ఊళ్ళ గరికకు తెలియదు.

రైల్వే వర్క్‌షాపులో పనిచేసే పెట్రో అనే ఆయన నన్ను కొన్నాడు. ఆయన ఉక్రెయిన్ నుంచి చిన్నప్పుడే వచ్చినవాడు. ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ వెనకా పచ్చిక ఉండేది. మనుషులు చేసే పనుల్లో ఇదొక వింత. నీళ్ళు పోసి, ఎరువు వేసి గడ్డి పెంచుతారు. పెరగగానే పెరిగిందని విసుక్కుంటూ కోస్తారు. కోసింది పెట్టడానికి ఇంట్లో ఆవు ఉండదు, గేదె ఉండదు. ఎందుకు చేస్తారో నాకు ఈనాటికీ తెలియదు. కాని ఆ పిచ్చి లేకపోతే నాకు పుట్టుకే లేదు గనక తప్పు పట్టను.

పెట్రో మంచివాడు. ఏటా చలి మొదలయ్యేముందు ఆఖరి కోత కోసి, నన్ను కడిగి, తుడిచి, కత్తులకు నూనె రాసి, పాత దుప్పటి కప్పి షెడ్డులో పెట్టేవాడు. పక్కింటి హెలెన్‌కీ ఆయనకీ తమ తమ పచ్చికల మీద జీవితకాలపు పందెం. కంచెకు అటు ఆమె, ఇటు ఆయన. ఎవరి గడ్డి బాగుందో ఎన్నడూ తేలలేదు, తేలాలని ఇద్దరికీ లేదు. చివరికి పెట్రో మోకాళ్ళు పట్టేశాయి. పిల్లలు వచ్చి ఆయన్ను వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళారు. ఇల్లు అమ్మేశారు. సోఫా, గడియారం, పెళ్ళినాటి పింగాణీ, అన్నీ ఒక్కొక్కటే బయటికి వెళ్ళడం చూశాను. షెడ్డు వైపు ఎవరూ రాలేదు. పెట్రో కూడా తల తిప్పలేదు. ముసలితనంలో మరిచిపోయాడనుకుని సరిపెట్టుకున్నాను. ద్రోహం అనే మాట అప్పటికి నాకు తెలియదు.

ఆ ఇల్లు కొన్నవాడు రత్నాకర్. తెలుగువాడు. ఊరికి అటు చివర పెద్ద ఇంట్లో ఉంటూ, ఇలాంటి పాత ఇళ్ళు కొని అద్దెకిచ్చేవాడు. ఒకరి తర్వాత ఒకరు అద్దెకున్నవాళ్ళు పచ్చికను పట్టించుకోలేదు. మొదట పసుపుపూల కలుపు వచ్చింది. తర్వాత నాచు. రోడ్డు మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు కొట్టుకొచ్చి ముందువైపు అంచులు మాడిపోయాయి. షెడ్డు కిటికీలోంచి అది చూస్తూ నేను తుప్పు పట్టాను.

అప్పుడు వచ్చింది వకుళ.

ఆమెది ప్రకాశం జిల్లా కందుకూరు. రత్నాకర్‌కి స్వయానా పిన్నికూతురు. భర్త ఫణీంద్ర సిటీ బస్సు నడిపేవాడు. వకుళకు ఎడ్మంటన్‌లో ఉద్యోగం దొరకలేదు. ఊళ్ళో బడిపిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, ఇక్కడ పొద్దస్తమానం నాలుగు గోడల మధ్య కూర్చునేది. సామాన్లు దించిన రోజున రత్నాకర్ వచ్చాడు. షెడ్డు తలుపు తీసి ఉంది గనక అన్నీ విన్నాను.

"ఇంతకాలం ఎవరెవరో ఉండి పాడుచేశారు అమ్మాయ్. నువ్వొచ్చావు, నాకిక బెంగ లేదు. ఈ ఇల్లు నీదే అనుకో" అన్నాడు. "రెండు మూడేళ్ళు ఓపిక పట్టండి, ఫణి కాస్త నిలదొక్కుకున్నాక మీకే ఇచ్చేస్తా. బయటోళ్ళకి ఇచ్చే ఖర్మ నాకేంది?"

"నిజంగానా అన్నా?" అంది వకుళ. ఆ గొంతులో ఉన్నది నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. పెట్రో గొంతులోనూ వినలేదు. ఆయన ఇల్లు కట్టుకున్నవాడు, ఆమె ఇల్లు ఎరగనిది.

ఆ సంగతి తర్వాత తెలిసింది. వకుళ తండ్రి పోలీసు కానిస్టేబులు. కనిగిరి, దర్శి, పామూరు, ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి మూటాముల్లె. ఒకసారి ఏదో క్వార్టర్స్‌లో వాళ్ళమ్మ మల్లెతీగ పెట్టిందట. అది మొగ్గ తొడిగిన వారమే బదిలీ ఆర్డరు వచ్చింది. ఆ తర్వాత తండ్రి, "మనది కాని ఇంట్లో మొక్క నాటబాకండి" అని ఇంట్లో ఒక కట్టడి పెట్టాడు. పెళ్ళయ్యాక హైదరాబాదులో అద్దెకున్న ఫ్లాటులోనూ వకుళ ఒక తులసి కుండీ తప్ప ఏమీ పెట్టలేదు. ఇదంతా ఆమె హెలెన్‌కు కంచె పట్టుకుని చెప్పగా విన్నాను.

వచ్చిన వారం లోపలే ఆమె షెడ్డులోకి తొంగిచూసింది. దుప్పటి తీసింది. తుప్పు పట్టిన నా కత్తి మీద వేలు పెట్టి వెనక్కి తీసుకుంది. బయటికి లాగి తోస్తే నేను కిర్రుమని బిగుసుకుపోయాను. కంచె అవతలినుంచి హెలెన్ నవ్వింది.

"అది పెట్రోది. తోస్తే రాదు, ముందు బతిమాలాలి" అంది.

"మీకు దీని సంగతి తెలుసా ఆంటీ?"

"ఆంటీనా? నేను నీకు ఎప్పుడు చుట్టమయ్యాను?" అంటూనే హెలెన్ గేటు తీసుకుని వచ్చేసింది. డెబ్బై దాటిన మనిషి. చేతుల్లో నూనెడబ్బా, ఇసుకలాంటి సాన ముద్ద ఉన్న సీసా. ఇద్దరూ నన్ను తలకిందులు చేసి గడ్డి మీద పడుకోబెట్టారు. తుప్పు గీశారు. కత్తులకు ఆ ముద్ద పూసి చక్రాన్ని వెనక్కి తిప్పారు, తిప్పారు, చేతులు మార్చుకుంటూ తిప్పారు. సాయంత్రానికి హెలెన్ ఒక పేపరు ముక్క నా కత్తుల మధ్య పెట్టింది. వకుళ చక్రం కదిపింది. పేపరు చప్పుడు లేకుండా రెండయింది. వకుళ చప్పట్లు కొట్టింది. చిన్నపిల్లలా అని చెబితే అది నా ముసలితనపు పొగడ్త అవుతుంది గాని, నిజంగా కొట్టింది.

ఆ రోజు నుంచి నేను ఆమె మనిషిని.

మొదటి ఏడు ఆమె చెయ్యని తప్పు లేదు. మంచు కరిగిన తడి పూర్తిగా ఆరకముందే బురదనేల మీద తిరిగి మట్టిని అణగదొక్కింది. రోజూ కాసిని నీళ్ళు చల్లింది, కందుకూరులో వాకిట్లో కళ్ళాపి చల్లినట్టు. వేళ్ళు పైపైనే ఉండిపోయి జూలై ఎండకు గడ్డి పండబారింది. పసుపుతనం చూసి భయపడి నన్ను ఇంకా కిందికి దించి బోడిగుండు కొట్టింది.

"నువ్వు దానికి చేసేది సేవ కాదు, కంగారు" అంది హెలెన్. "వారానికి ఒకటి రెండుసార్లు, లోపలికంటా తడిసేలా నీళ్ళు పెట్టు. వేరు నీళ్ళకోసం కిందికి దిగాలి. ఎత్తుగా కొయ్యి. గడ్డి తన నీడలో తను చల్లగా ఉంటుంది, కలుపుకు చోటివ్వదు. కోసిన ముక్కల్ని అక్కడే వదిలెయ్, అవే ఎరువు."

వకుళ నేర్చుకుంది. లెక్కల టీచరు గదా, ఒకసారి చెబితే చాలు. ఆగస్టు చివర, ఎండ తగ్గి నేల ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు, ముళ్ళపారతో పెరడంతా పొడిచి మట్టికి గాలి తగిలే బెజ్జాలు పెట్టింది. చలికి తట్టుకునే గడ్డి విత్తనాలు తెచ్చి చల్లింది, పైన పలచగా మెత్తటి ఎరువు జల్లింది. పిట్టల్ని తోలడానికి నన్నే మధ్యలో నిలబెట్టి నా కర్రకు పాత చున్నీ కట్టింది. ఆ చున్నీ కట్టుకుని నేను దిష్టిబొమ్మలా నిలబడితే ఫణీంద్ర పగలబడి నవ్వాడు.

"దీనికి కాస్త బొట్టు గూడా పెట్టవే!"

"పెడతా. మీరేమన్నా అనుకోండి. మొలకెత్తనియ్యండి, ఇంటికి మొదటిసారి పండగ చేస్తా."

మొలకెత్తింది. పొద్దున్నే చూస్తే నల్లటి మట్టి మీద పచ్చటి నూగు. వకుళ మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో దాని పైపైన నిమిరింది. ఇంట్లోకి పోయి పాయసం చేసి హెలెన్‌కు గిన్నెడు ఇచ్చింది. గడ్డి మొలిచినందుకు పాయసం తిన్నది ఆ వీధిలో తనొక్కతేనని హెలెన్ చాలాకాలం చెప్పుకుంది.

ఆ చలికాలానికి ముందు ఒక్క పని మరిచిపోయింది వకుళ. పాప్లర్ చెట్టు ఆకులు ఒక మూల కుప్పగా పడి ఉంటే ఊడవలేదు, ఆ మూల గడ్డి పొడుగ్గా వదిలేసింది. ఏప్రిల్లో మంచు తొలగితే అక్కడ బూడిదరంగు చక్రాలు, సాలెగూడు పరిచినట్టు బూజు. ఎలుకలు మంచుకింద చేసుకున్న దారులు. వకుళ ఏడ్చినంత పనిచేసింది. హెలెన్ ఆకులూడ్చే పళ్ళ గొర్రుతో ఆ బూజును మెల్లగా రేపి చూపించింది.

"చావలేదు. ఊపిరాడలేదంతే. గాలి తగలనిస్తే లేస్తుంది. కాని ఈసారి గుర్తుంచుకో, మంచు వచ్చేముందు పొట్టిగా కొయ్యాలి, ఒక్క ఆకు మిగలకుండా ఊడవాలి. దుప్పటి కింద చెత్త పెట్టుకుని ఆరునెలలు పడుకుంటే నీ ఒళ్ళయినా అంతే."

వకుళ ఆ మాట మరచిపోలేదు. ఇది మీరు కూడా గుర్తుంచుకోండి.

మూడో వేసవికి ఆ పచ్చికను చూడటానికి వీధిలో నడిచేవాళ్ళు ఆగేవారు. మంచు పడిన పొద్దుటిపూట గడ్డి గడ్డకట్టి ఉంటే దానిమీద అడుగు వెయ్యకూడదని వకుళ పోస్టు తెచ్చే మనిషికి కూడా చెప్పి అడ్డంగా తాడు కట్టింది. సాయంత్రాలు కుర్చీ వేసుకుని, చెప్పులు విడిచి, ఆ గడ్డిలో పాదాలు పెట్టుకుని కందుకూరుకు ఫోన్ చేసేది. "మా ఇంట్లో" అనేది. రత్నాకర్ అన్నావాళ్ళ ఇంట్లో అనడం ఎప్పుడో మానేసింది. నేనూ నమ్మాను. నన్ను మించి నమ్మినవాళ్ళు లేరు.

ఒక ఆదివారం రత్నాకర్ వచ్చి పెరడంతా తిరిగాడు. "ఏం చేశావు అమ్మాయ్! గోల్ఫు కోర్సులాగా ఉంది" అన్నాడు. ఫోటోలు తీసుకుంటానన్నాడు. కుర్చీ అడ్డంగా ఉందన్నాడు, తీసింది. బట్టలు ఆరేసిన తాడు బాలేదన్నాడు, విప్పింది. నన్ను కూడా షెడ్డులోకి తోయమన్నాడు. అన్నయ్య తన పని చూసి గర్వపడుతున్నాడని ఆమె మొహం వెలిగిపోయింది. ఫోటోల్లో మనిషి ఉన్న ఆనవాలు లేకుండా చేసింది ఆమె చేతులే.

వారం తిరక్కుండానే ఆ ఫోటోలు ఫణీంద్రకు బస్సు డిపోలో కనిపించాయి. ఇల్లు వెతుక్కుంటున్న తోటి డ్రైవరొకడు ఫోన్లో చూపించి, ఇది మీ వీధి కాదూ అన్నాడట. ఇల్లు అమ్మకానికి ఉందని ప్రకటన. గదుల గురించి పెద్దగా ఏమీ లేదు. పట్టుతివాచీ లాంటి పచ్చిక అని మాత్రం మొదటి వాక్యంలోనే ఉంది.

రత్నాకర్ వచ్చేసరికి వకుళ నన్ను తోస్తూ ఉంది. ఆగింది. కర్ర మీదనుంచి చేతులు తియ్యలేదు. 

"ఏందన్నా ఇది? ఇల్లు అమ్మకానికి పెట్టావంట?"

"అది చెబుదామనే వచ్చా. ఇప్పుడు మంచి గిరాకీ ఉంది అమ్మాయ్. మళ్ళీ ఇట్టాంటి టైము రాదు."

"మాకిస్తానన్నావు గదా?"

"ఇవ్వనని ఇప్పుడు మాత్రం అంటన్నానా? మీరే కొనండి, ఎవరడ్డం? కాకపోతే వచ్చేవాళ్ళు ఇచ్చేంత మీరియ్యలేరు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు."

రత్నాకర్ బూట్లు గడ్డి మీద ఉన్నాయి. ఆమె వాటినే చూస్తోంది.

"ఇల్లు నీదే అనుకో అన్నావన్నా."

"అనుకో అన్నా తల్లీ" అన్నాడు రత్నాకర్, ఓపిగ్గా, చిన్నపిల్లకు వ్యాకరణం చెప్పినట్టు. "అనుకుంటే నాకేం పోతుంది? నీదే అని ఎక్కడన్నా అన్నానా?"

ఈ ముక్క నేను చాలా ఆలోచించాను. పెట్రో తన భాషలో గొణుక్కోవడం విన్నాను, హెలెన్ ఇంగ్లీషు విన్నాను. ఒక్క మాట చివర తగిలించి ఇచ్చినదాన్ని ఇవ్వనట్టు చేసే విద్య మీ తెలుగులోనే చూశాను.

వెళ్తూ వెళ్తూ అతను గేటు దగ్గర ఆగాడు. "ఇదిగో, మా అమ్మతో చెప్పబాకు. అసలే బీపీ మనిషి. నువ్వంటే ప్రాణం ఆమెకి."

వకుళ తలూపింది. అతను వెళ్ళాక నన్ను తోసింది. మొదలుపెట్టిన వరస మధ్యలో వదలడం ఆమెకు ఇష్టం ఉండదు. వరస చివరిదాకా వెళ్ళి, అక్కడ కంచె పట్టుకుని నిలబడింది. నిలబడే ఉంది. హెలెన్ బయటికి వచ్చి ఏమైందని అడిగితే, కళ్ళలో గడ్డిపోచ పడిందంది.

ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు చలికాలంలో వస్తారు. వకుళావాళ్ళు అక్టోబరులో ఖాళీ చెయ్యాలి. బస్సు డిపో దగ్గర నాలుగో అంతస్తులో ఫ్లాటు చూసుకున్నారు. సామాన్లు సర్దుతూనే, అలవాటు కొద్దీ, ఆమె సెప్టెంబరులో ఎరువు వేసింది. నాకు ధైర్యం వచ్చింది. మనుషుల మధ్య ఏమైనా జరగనీ, గడ్డికీ నాకూ ఆమె అన్యాయం చెయ్యదనుకున్నాను.

వెళ్ళబోయే ముందురోజు మధ్యాహ్నం ఆఖరి కోతకు నన్ను తీసింది. కత్తుల్ని ఒక మెట్టు కిందికి దించింది. పాప్లర్ ఆకులు పచ్చికంతా రాలి ఉన్నాయి, ఆకాశం సీసంలా ఉంది. మొదట గొర్రుతో దారి చేసుకుంటూ నాలుగు వరసలు కోసింది. ఆ పొట్టి గడ్డి చక్కగా, సమంగా, నిద్రకు సిద్ధమైన బిడ్డ తల దువ్వినట్టు ఉంది. ఫణీంద్ర గుమ్మంలో అట్టపెట్టె కట్టుకుంటూ చూశాడు.

"ఎవడి కోసమే ఇంకా ఈ చాకిరీ? వదిలెయ్ వకుళా."

ఆమె ఇంకో వరస మొదలుపెట్టింది. సగంలో ఆగింది. గాలికి మళ్ళీ ఆకులు రాలాయి, ఇప్పుడే ఊడ్చిన చోటనే రాలాయి. ఆమె వాటిని చూసింది. ఎంతసేపు చూసిందో. తర్వాత నా కర్ర వదిలేసింది.

అంతలో హెలెన్ కంచె దగ్గరికి వచ్చింది. "రాత్రికి మంచు పడేలా ఉంది. రా, ఇద్దరం కలిసి ఆకులు లాగేద్దాం. చీకటి పడేలోపు అయిపోతుంది."

"మీ నడుము బాగాలేదు గదా హెలెన్. మీరు లోపలికి వెళ్ళండి. నేను చూసుకుంటాను."

"తప్పకుండా?"

"తప్పకుండా" అంది వకుళ.

హెలెన్ లోపలికి వెళ్ళింది. వకుళ గొర్రును గోడకు ఆనించింది. నన్ను షెడ్డులోకి తోసింది. కత్తులకు తడిగడ్డి అంటుకునే ఉంది. కడగలేదు, తుడవలేదు, నూనె చుక్క వెయ్యలేదు. దుప్పటి మూలన పడి ఉంది, కప్పలేదు. తలుపు వేసింది.

తెలియక చేసిన పని కాదు. పొడుగాటి గడ్డి మీద ఆకులు, ఆకుల మీద మంచు. వసంతానికి ఏమవుతుందో ఆ వీధిలో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? విషం పొయ్యలేదు, నిప్పు పెట్టలేదు. ఆ దేశంలో గడ్డిని చంపాలంటే ఏమీ చెయ్యకపోతే చాలు. పొద్దున వ్యాను వచ్చింది. అప్పటికే నేల తెల్లబడింది.

చీకటి షెడ్డులో నా ఒంటి మీద తుప్పు పాకుతుంటే మనసులో వకుళను ఒక్కటే అడిగాను. రత్నాకర్ నిన్ను మోసం చేశాడు, సరే. నేనేం చేశాను? నీ మాట నమ్మి మొలకెత్తిన ఆ గడ్డి ఏం చేసింది?

ఏప్రిల్లో మంచు కరిగింది. పచ్చిక నిండా బూడిద చక్రాలు, కుళ్ళిన ఆకుల అట్టలు, ఎలుకల దారులు. నా చేత కోయించిన ఆ నాలుగు వరసలు మాత్రం ఒకవైపు చారల్లా పచ్చగా లేస్తున్నాయి. కొత్తగా వచ్చిన భార్యాభర్తలు ముక్కు మూసుకున్నారు. రత్నాకర్‌కు ఫోన్ చేశారు. మంచుదేశం, ఏం చేస్తాం అన్నాడట. అతని అమ్మకం అయిపోయింది, సంతకాలు అయిపోయాయి. వకుళ కోపం అతన్ని ఒక్క గడ్డిపోచంత కూడా తాకలేదు.

హెలెన్ వెళ్ళి చెప్పింది. "చావలేదు. వేళ్ళు బతికే ఉన్నాయి. నేను రేపి చూపిస్తాను, ఒక నెల ఆగండి."

నెల ఆగే తీరిక వాళ్ళకు లేదు. యంత్రం వచ్చి పచ్చికను చాపచుట్టలా చుట్టేసింది. దాని స్థానంలో ప్లాస్టిక్ గడ్డి పరిచారు. నీళ్ళు అక్కర్లేదు, కోత అక్కర్లేదు, ఎప్పుడూ ఒకటే పచ్చ. షెడ్డు పీకేసి నన్ను వెనక సందులో విరిగిన కుర్చీల పక్కన పెట్టారు.

ఆ సందులోకే మే నెలలో ఒకరోజు వకుళ వచ్చింది. పచ్చికను చూసుకుందామనో, పాడయిందని చూసి తృప్తిపడదామనో, నాకు తెలియదు. కంచె మీదుగా చూసింది. వంగి, పలకల సందులోంచి చెయ్యి పెట్టి ఆ ప్లాస్టిక్ పోచను తాకి, చురుక్కుమన్నట్టు తీసేసుకుంది. హెలెన్ తన పెరట్లోంచి చూసి నెమ్మదిగా నడిచి వచ్చింది. శీతాకాలంలో బాగా వంగిపోయింది.

"ఆకులు ఊడుస్తానన్నావు."

"ఊడవబుద్ధి కాలేదు హెలెన్. వాడి గడ్డి నేనెందుకు కాపాడాలనిపించింది."

"వాడి గడ్డి" అంది హెలెన్. "మూడేళ్ళు నీ గడ్డి అనుకున్నాను నేను. నాకు చెప్పి ఉంటే నేనే ఊడ్చేదాన్ని. అది వాడిదేనని నువ్వూ ఒప్పుకుని వెళ్ళావన్నమాట."

హెలెన్ ఆమె భుజం తట్టలేదు, తిట్టలేదు. వెనక్కి తిరిగి తన ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు ముందు వకుళ కాసేపు నిలబడింది, తట్టలేదు.

తిరిగి వస్తూ నన్ను చూసింది. గుర్తుపట్టింది. గుర్తుపట్టకపోయి ఉంటే బాగుండేది. దగ్గరికి వచ్చి నా కర్ర పట్టుకుని ఒక్కసారి తోసింది. బిగుసుకుపోయాను. ఇంకోసారి తొయ్యలేదు. నాలుగో అంతస్తులో నన్ను ఏం చేసుకుంటుంది? అది నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన బాధ తగ్గదు.

అప్పుడే పాత ఇనుము ఏరుకునే మనిషి చిన్న లారీతో సందులోకి వచ్చాడు. కుర్చీల ఇనప కాళ్ళు విరిచి వేసుకున్నాడు. నన్ను ఎత్తబోయి బరువుకు ఆగాడు. వకుళ అటు చక్రం దగ్గరికి వెళ్ళి ఒక చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి నన్ను లారీలోకి ఎక్కించారు.

"దీన్ని ఏం చేస్తారు?" అని అడిగింది.

"కరిగిస్తారు" అన్నాడు.

ఆమె తలూపి, చేతులకు అంటిన తుప్పును కోటుకు తుడుచుకుని, బస్సు స్టాపు వైపు నడిచింది.

ఇప్పుడు ఊరి చివర ఇనప గుట్టలో ఉన్నాను. రత్నాకర్ మీద నాకు కోపం లేదు, ఎందుకంటే అతన్ని నేను ఎన్నడూ నమ్మలేదు. పెట్రో మీద లేదు. వకుళ మీద ఉంది. ఆమె చేతులు ఇంకా తలుచుకుంటాను గనక ఉంది. కొలిమి వంతు ఎప్పుడొస్తుందో ఇక్కడ ఎవరూ చెప్పరు. కరిగాక నన్ను మేకు చేస్తారో, రైలుపట్టా చేస్తారో, ఏ వంతెన కింది దూలం చేస్తారో, ఏదైనా ఫరవాలేదు. మనిషి పట్టుకునే పిడి మాత్రం ఉండకపోతే చాలు.